10 కిలోమీటర్ల దూరంలో మనిషి కనిపిస్తాడు, ఎవరన్నది కనిపించదు

మీరు అడిగినది ఇది. ఒక నిఘా డ్రోన్ కరపత్రంలో "ఈ థర్మల్ కెమెరా 10 కిలోమీటర్ల నుంచి మనిషిని, 20 కిలోమీటర్ల నుంచి వాహనాన్ని పసిగడుతుంది" అని చదివారు. అదే నిజమైతే చీకట్లో సైతం ఎవరూ దాక్కోలేరు కదా, మరి సైన్యాలు ఇప్పటికీ ఎందుకు మోసపోతున్నాయి, సంబంధం లేని పౌరులు పొరపాటున ఎందుకు చనిపోతున్నారు అని మీ సందేహం. డ్రోన్లు పంపే చిత్రాలను చదవడం, ఇతరులకు చదవడం నేర్పడం నా వృత్తి. పదిహేడేళ్లుగా ఇదే పని. అందుకే కాస్త తీరిగ్గా, వివరంగా రాస్తున్నాను.

కరపత్రం అబద్ధం చెప్పలేదు. "పసిగట్టడం" అన్న మాటకు మీరు తీసుకున్న అర్థం వేరు, ఈ రంగంలో దానికున్న అర్థం వేరు. 1958లో అమెరికా సైన్యపు పరిశోధనశాలలో జాన్ జాన్సన్ అనే శాస్త్రవేత్త చిన్న చిన్న నమూనా వాహనాలను రాత్రి చూపు పరికరాల గుండా మనుషులకు చూపించి, చిత్రంలో ఎంత స్పష్టత ఉంటే చూసేవారికి ఎంత తెలుస్తుందో లెక్కగట్టారు. వస్తువు అడ్డకొలత మీద ఎన్ని నల్ల, తెల్ల గీతల జంటలు విడివిడిగా కనిపించగలవన్నది ఆయన కొలబద్ద. ఒక జంట కనిపించేంత స్పష్టత ఉంటే అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది. నాలుగు జంటలుంటే అది మనిషా, జంతువా, ట్యాంకా, లారీయా అని పోల్చుకోవచ్చు. ఆరున్నర జంటల దాకా వస్తే ఏ రకం ట్యాంకో నిర్ధారించవచ్చు. ఈనాటి కెమెరాల్లో ఒక జంట అంటే రెండు పిక్సెళ్లు. కాబట్టి పసిగట్టడానికి 2, పోల్చుకోవడానికి 8, నిర్ధారించడానికి సుమారు 13 పిక్సెళ్లు కావాలి. ఇవి కూడా వందసార్లు చూస్తే యాభైసార్లు సరిగ్గా చెప్పగలిగే స్థాయికి పెట్టిన అంకెలు. ఆ తర్వాత ఈ లెక్కను చాలామంది మెరుగుపరిచారు గానీ, కరపత్రాల్లోని దూరాలు ఇప్పటికీ ఎక్కువగా ఈ కొలబద్ద మీదే నిలబడి ఉంటాయి.

ఇప్పుడు మీ కరపత్రాన్ని మళ్లీ చదవండి. 10 కిలోమీటర్ల నుంచి మనిషిని పసిగట్టడం అంటే తెర మీద రెండు పిక్సెళ్ల వెడల్పున్న ఒక వెచ్చని మచ్చ. అది మనిషేనని పోల్చుకోవాలంటే అదే కెమెరాను 2.5 కిలోమీటర్ల దగ్గరికి తీసుకురావాలి. నిర్ధారణ స్థాయి కావాలంటే ఒకటిన్నర కిలోమీటరుకు రావాలి. ఇక ఆ మనిషి చేతిలో ఉన్నది తుపాకీయా, పారా, ఊతకర్రా అన్నది మనిషి కొలతతో తేలే విషయమే కాదు. లెక్క వేయాల్సింది ఆ వస్తువు వెడల్పు మీద, అది కొన్ని సెంటీమీటర్లే ఉంటుంది.

ఈ లెక్క మీరే చేసుకోగలిగితే ఇక ఏ కరపత్రమూ మిమ్మల్ని తికమక పెట్టదు. అడ్డంగా 640 పిక్సెళ్లున్న మంచి థర్మల్ కెమెరా ఒకటి తీసుకుందాం. ఒక్కో పిక్సెల్ వెడల్పు 15 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), లెన్సు నాభ్యంతరం, అంటే అది ఎంతగా దగ్గరికి లాగి చూపిస్తుందో చెప్పే కొలత, 300 మిల్లీమీటర్లు అనుకోండి. 15ను 300తో భాగించి, కిలోమీటర్లలో ఉన్న దూరంతో గుణిస్తే నేల మీద ఒక్కో పిక్సెల్ ఎంత మేర కప్పుతుందో మీటర్లలో వస్తుంది. 5 కిలోమీటర్ల దూరానికి అది 25 సెంటీమీటర్లు. మనిషికి 75 సెంటీమీటర్ల కొలత తీసుకోవడం ఈ రంగంలో ఆనవాయితీ, కాబట్టి మనిషి 3 పిక్సెళ్లు. వాహనానికి 2.3 మీటర్లు తీసుకుంటారు, అంటే 9 పిక్సెళ్లు. వాహనాన్ని లారీగానో ట్యాంకుగానో పోల్చుకోవచ్చు, మనిషి మాత్రం మచ్చగానే ఉంటాడు. తెర మొత్తం వెడల్పు 160 మీటర్లు. ఆ చివరి అంకెను గుర్తుంచుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

దూరం అన్నప్పుడు ఎత్తును తీసుకోకూడదు. 15,000 అడుగులంటే నాలుగున్నర కిలోమీటర్లే. కానీ డ్రోన్ తన కిందనున్న చోటును నిట్టనిలువుగా చూడటం అరుదు, పక్కకు జరిగి ఏటవాలుగా చూస్తుంది. క్షితిజానికి 30 డిగ్రీల కిందికి చూస్తుంటే ఆ నాలుగున్నర కాస్తా 9 కిలోమీటర్లవుతుంది. దానితో పాటు మధ్యలోని గాలి, తేమ, ధూళి కూడా రెట్టింపవుతాయి.

పెద్ద లెన్సు పెడితే సరిపోదా అంటారా? సరిపోతుంది, కానీ దాని బరువు మోయగల డ్రోన్ కావాలి. కాంతి తరంగ స్వభావం వల్ల ఏ లెన్సుకైనా ఒక హద్దు ఉంది. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ, లెన్సు వ్యాసం తగ్గేకొద్దీ చిత్రం మసకబారుతుంది. 15 సెంటీమీటర్ల లెన్సుతో పగటి వెలుతురులో 10 కిలోమీటర్ల దూరాన దాదాపు 5 సెంటీమీటర్ల వివరం విడదీయవచ్చు. అదే లెన్సుతో 4 మైక్రాన్ల పరారుణ కాంతిలో చూస్తే అది 32 సెంటీమీటర్లకు పడిపోతుంది. పిక్సెళ్లు ఎన్ని పెంచినా ఈ హద్దు జరగదు. రీపర్ లాంటి డ్రోన్లు ఓ చిన్న విమానమంత ఉండటానికి ఇంధనం, ఆయుధాలతో పాటు ఈ కంటి పరిమాణం కూడా ఒక కారణం. చేత్తో ఎగరేసే చిన్న డ్రోన్‌లో 9 మిల్లీమీటర్ల లెన్సు, 12 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న థర్మల్ కెమెరా ఉందనుకుంటే, పెద్దది 5 కిలోమీటర్ల నుంచి చూసినంత స్పష్టంగా చూడటానికి ఇది 190 మీటర్ల దగ్గరికి పోవాలి. ఉక్రెయిన్ యుద్ధంలో చిన్న డ్రోన్లు వేల సంఖ్యలో కూలిపోవడం వెనుక ఈ లెక్క కూడా ఉంది. 2023 మేలో బ్రిటన్‌కు చెందిన రక్షణ అధ్యయన సంస్థ రూసీ, ఉక్రెయిన్ నెలకు సుమారు 10,000 డ్రోన్లు కోల్పోతోందని అంచనా వేసింది. దగ్గరికి వెళ్తేనే కనిపిస్తుంది, దగ్గరికి వెళ్తే జామర్లకు, తూటాలకు దొరుకుతుంది.

ఇక వేడి సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవాళ్లు అందరికంటే ఎక్కువగా నమ్మేది, మోసపోయేది థర్మల్ చిత్రం దగ్గరే.

థర్మల్ కెమెరా వెలుతురును చూడదు, వస్తువుల నుంచి వెలువడే పరారుణ కిరణాలను చూస్తుంది. సైన్యాలు వాడే కెమెరాలు ప్రధానంగా రెండు పట్టీల్లో పనిచేస్తాయి: 3 నుంచి 5 మైక్రాన్లు, 8 నుంచి 12 మైక్రాన్లు. పెద్ద డ్రోన్ల మీదుండే కెమెరాల్లో గ్రాహకాన్ని చిన్న శీతలయంత్రంతో మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి చల్లబరుస్తారు. తన సొంత వేడే తనకు అడ్డం పడకూడదు కదా. అలాంటి కెమెరా ఒక డిగ్రీలో యాభయ్యో వంతు తేడాను కూడా చూపిస్తుంది. చిన్న డ్రోన్లలో చల్లబరచని రకం వాడతారు. అది తేలిక, చౌక, కానీ చూపు అంత సున్నితం కాదు.

మనం మరిచిపోయేదేమిటంటే, కెమెరాకు తెలిసేది తేడా మాత్రమే. చుట్టూ ఉన్న నేల కంటే వస్తువు వేడిగానో చల్లగానో ఉండాలి. నేల, ఇనుము, నీరు, ఆకులు ఒక్కొక్కటి ఒక్కో వేగంతో వేడెక్కుతాయి, ఒక్కో వేగంతో చల్లారతాయి. పగలు నేల కంటే వేడిగా ఉన్న ఇనుము రాత్రి నేల కంటే చల్లబడుతుంది. అంటే మధ్యలో ఎక్కడో రెండూ సమానమవుతాయి. రోజుకు రెండుసార్లు, సూర్యోదయం తర్వాత ఒకసారి, సూర్యాస్తమయం ప్రాంతంలో ఒకసారి, ఇంజను ఆపి నిలబెట్టిన వాహనం నేలలో కరిగిపోయినట్టు మాయమవుతుంది. యంత్రంలో లోపమేమీ ఉండదు. చూపించడానికి దాని దగ్గర తేడా లేదు, అంతే.

నేను ఈ పనిలో చేరిన రెండో ఏడు ఒక సైనిక విన్యాసంలో జరిగింది చెబుతాను. సూర్యుడు అస్తమించి నలభై నిమిషాలైంది. వేడిగా ఉన్నది తెల్లగా కనిపించే అమరికలో తెర చూస్తున్నాను. చెట్ల అంచున రెండు తెల్లని దీర్ఘచతురస్రాలు, ఒక్కొక్కటి సరిగ్గా లారీ అంత. అంచులు మెత్తగా ఉన్నాయి, పైన కంటపడకుండా దాచే వల కప్పినట్టుగా. "వలల కింద రెండు వాహనాలు" అని నివేదిక రాశాను. మర్నాడు ఉదయం వెళ్లి చూస్తే అవి రెండు నీళ్ల ట్యాంకులు. పగలంతా ఎండను తాగిన నీరు రాత్రి దాన్ని నిదానంగా వదులుతోంది. అసలు లారీలు అక్కడికి 200 మీటర్ల దూరంలో, ఉదయం నుంచి ఇంజను ఆపి, వల కింద నిలబడి ఉన్నాయి. అవి కూడా నా తెర మీద ఉన్నాయి. నేలతో సమానమైన వేడిలో ఉన్నాయి కాబట్టి వాటి మీదుగానే కెమెరాను జరిపేశాను.

నా పై అధికారి కోప్పడలేదు. మూడు ప్రశ్నలు అడిగారు. ఇంజను ఉండాల్సిన చోట వేడి ఎక్కువగా కనిపించిందా? చక్రాలు విడిగా తెలిశాయా? అవి అక్కడికి వచ్చిన దారి ఏది? మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. నడిచి వచ్చిన వాహనానికి ఇంజను మూత, పొగగొట్టం, టైర్లు, బ్రేకులు వేర్వేరు వేడిలో ఉంటాయి. ఎండలో నిలబడి వెళ్లిపోయిన వాహనం కింద నేల చల్లగా మిగిలి, కాసేపటి వరకు దాని నీడ నేల మీద అచ్చు పడినట్టు కనిపిస్తుంది. కొత్తగా తవ్విన మట్టి చుట్టుపక్కల మట్టి కంటే వేరుగా వేడెక్కుతుంది. ఇవన్నీ తెర మీద ఉండే సాక్ష్యాలే. ఆ రోజు నేను ఆకారం ఒక్కటే చూసి వాహనం అన్నాను.

మీ ప్రశ్నలో "గోడల అవతల కూడా కనిపిస్తుందంటారు" అన్న వాక్యం ఉంది. కనిపించదు. థర్మల్ కెమెరాకు గోడ ఉపరితలపు వేడి మాత్రమే తెలుస్తుంది. గోడ సంగతి అటుంచి, మామూలు కిటికీ అద్దం అవతల కూడా అది చూడలేదు. ఈ తరంగాలను గాజు ఆపేస్తుంది, అందుకే థర్మల్ కెమెరాల లెన్సులను జర్మేనియం వంటి పదార్థాలతో చేస్తారు. కారు అద్దాలు మూసి ఉంటే లోపల ఎందరున్నారో తెలియదు. మేఘాల గుండా కూడా కనిపించదు. పలుచని పొగను దాటుతుంది, దట్టమైన పొగమంచు దగ్గర ఆగిపోతుంది.

మేఘం, పొగమంచు, ధూళి, చీకటి ఇవేవీ అడ్డు కానిది రాడార్. అది తానే రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనులను చదువుతుంది. దాని కథ అద్భుతంగా ఉంటుంది. మామూలుగా రాడార్ స్పష్టత యాంటెన్నా పొడవు మీద ఆధారపడుతుంది, డ్రోన్ మీద అంత పొడవైన యాంటెన్నా పెట్టలేం. 1951లో గుడ్‌ఇయర్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీలో కార్ల్ వైలీ ఒక ఉపాయం ఆలోచించారు: విమానం కదులుతూ పోయేటప్పుడు దారి పొడవునా వచ్చే ప్రతిధ్వనులను దాచి, తర్వాత కలిపి లెక్కిస్తే ఆ దారి మొత్తం ఒకే పెద్ద యాంటెన్నాలా పనిచేస్తుంది. సింథటిక్ అపర్చర్ రాడార్ అలా పుట్టింది. 1.8 సెంటీమీటర్ల తరంగంతో, 20 కిలోమీటర్ల దూరాన, 30 సెంటీమీటర్ల స్పష్టత కావాలంటే 600 మీటర్ల యాంటెన్నా కావాలి. సెకనుకు 40 మీటర్ల వేగంతో పోయే డ్రోన్ ఆ 600 మీటర్లను 15 సెకన్లలో గాలిలో గీస్తుంది.

ఆ 15 సెకన్లలోనే చిక్కు కూడా ఉంది. ఈలోగా కదిలిన వస్తువు చిత్రంలో చెదిరిపోతుంది, లేదా తన చోటు నుంచి పక్కకు జరిగి కనిపిస్తుంది. రోడ్డు మీద పోతున్న వాహనం పొలంలో ఉన్నట్టు పడుతుంది. అందుకే కదిలేవాటిని పట్టడానికి రాడార్‌ను మరో పద్ధతిలో నడుపుతారు. అప్పుడు చిత్రం రాదు, మ్యాపు మీద కదిలే చుక్కలు వస్తాయి. 1991 గల్ఫ్ యుద్ధంలో జాయింట్ స్టార్స్ అనే మానవసహిత విమానం ఇరాకీ వాహనశ్రేణుల కదలికలను ఇలాగే పట్టింది. చుక్క ఎంత వేగంతో ఎటు పోతోందో చెబుతుంది, అంబులెన్సా ఆయుధాల లారీయా అన్నది చెప్పదు.

రాడార్ చిత్రాల్లో నాకు అన్నింటికంటే ఇష్టమైనది రెండు రోజుల చిత్రాలను ఒకదాని మీద ఒకటి పరిచి పోల్చే పద్ధతి. దాదాపు ఒకే దారిలో డ్రోన్‌ను రెండుసార్లు ఎగరేసి, తిరిగి వచ్చిన తరంగాల దశను, అంటే ప్రతి తరంగం తన ఎత్తుపల్లాల్లో ఏ చోట ఉందన్నదాన్ని, పోలుస్తారు. మధ్యలో ఇసుక మీద ఒక వాహనం వెళ్లి ఉంటే, ఏ ఫొటోలోనూ కనిపించని టైరు జాడ ఈ చిత్రంలో నల్లని తాడులా తేలుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కానీ గాలికి ఇసుక కదిలినా, వాన పడినా చిత్రమంతా నల్లబడి ఆ జాడ అందులో కలిసిపోతుంది.

ఒక్కో సెన్సర్‌కు ఒక్కో గుడ్డితనం ఉంది కాబట్టి, పని తెలిసినవాళ్లు వాటిని జతగా నడుపుతారు. రాడార్ చుక్క చూపిస్తే కెమెరాను అటు తిప్పుతారు. రేడియో సంకేతాలు పట్టే యంత్రం ఒక దిక్కు చూపిస్తే రాడార్‌తో అక్కడ వెతుకుతారు. ఆకుపచ్చ రంగు పూసిన గుడ్డను, ఆకును కంటికి తేడా లేకుండా చేయవచ్చు గానీ, పచ్చటి ఆకు 0.7 మైక్రాన్లు దాటగానే కాంతిని ఒక్కసారిగా ఎక్కువగా వెనక్కి పంపుతుంది. మామూలు రంగు అలా చేయదు. వందలాది సన్నని రంగుపట్టీల్లో చూసే హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా ఆ తేడా దగ్గర పట్టుకుంటుంది. ఇందుకు విరుగుడుగా ఆకులా వెలిగే వలలు కూడా వచ్చాయి, ఆ పోటీ ఆగేది కాదు.

ఇప్పుడు ఇందాకటి 160 మీటర్ల దగ్గరికి వద్దాం. మనిషి మూడు పిక్సెళ్లుగా కనిపించాలంటే తెర వెడల్పు 160 మీటర్లే. ఇంకా స్పష్టంగా కావాలని దగ్గరికి లాగితే అది 40 మీటర్లవుతుంది. గొట్టంలోంచి లోకాన్ని చూడటం లాంటిది ఇది. ఒక ఇంటిని పరీక్షగా చూస్తున్నంతసేపూ వెనుక వీధిలో ఏం జరిగినా తెలియదు. సైన్యాలు మోసపోవడానికి నేను చెప్పే మొదటి కారణం ఇదే: సరైన చోటును ముందే అనుమానించకపోతే కెమెరా ఎంత గొప్పదైనా వృథా.

దీన్ని జయించాలని అమెరికా ఆర్గస్ అనే కెమెరాను చేసింది. 368 చిన్న గ్రాహకాలను కలిపి 180 కోట్ల పిక్సెళ్ల చిత్రం. 17,500 అడుగుల నుంచి దాదాపు 40 చదరపు కిలోమీటర్ల మేర, 15 సెంటీమీటర్ల వివరంతో ఒకేసారి చూస్తుంది. గొర్గాన్ స్టేర్ పేరుతో ఇదే కోవకు చెందిన వ్యవస్థను 2011 నుంచి రీపర్ల మీద వాడారు. కానీ అంత సమాచారం కిందికి పంపే రేడియో లింకు లేదు. అందుకే ఆర్గస్‌లో నేల మీదివాళ్లు కోరిన 65 చిన్న కిటికీల చిత్రం మాత్రమే దిగేలా చేశారు. మిగిలినది పైనే రికార్డవుతుంది. అదంతా చూసే కళ్లు కూడా లేవు. 2017 ఏప్రిల్‌లో అమెరికా రక్షణశాఖ ప్రాజెక్ట్ మేవెన్ మొదలుపెట్టింది ఈ కారణంతోనే: గుట్టలుగా పడుతున్న వీడియోను కంప్యూటర్ జల్లెడ పట్టాలని. జల్లెడ పట్టడం దానికి బాగా వచ్చు. వాహనాలను లెక్కపెట్టడంలో అది నాలాగా అలసిపోదు. కానీ దానికి శిక్షణలో చూపించని కోణం, చూపించని వాతావరణం ఎదురైతే తడబడుతుంది, తడబడినట్టు తెర మీద చెప్పదు. దాని గుర్తింపు చుట్టూ గీసిన గీత ఎప్పుడూ ఒకేలా, స్పష్టంగా ఉంటుంది. అది నన్ను నిజంగా భయపెడుతుంది.

మీ రెండో ప్రశ్న, పౌరులు ఎందుకు చనిపోతున్నారన్నది. దీనికి జవాబు రాయడం కష్టంగా ఉంది, అయినా రాయాలి.

2010 ఫిబ్రవరి 21న అఫ్ఘానిస్థాన్‌లోని ఉరుజ్‌గాన్ ప్రాంతంలో మూడు వాహనాలు వెళ్తున్నాయి. అమెరికాకు చెందిన ప్రిడేటర్ అనే డ్రోన్ వాటిని గంటల తరబడి వెంటాడింది. డ్రోన్ నడిపేవారు నెవాడాలో, చిత్రాలు చదివేవారు ఫ్లోరిడాలో, సమీపంలోని తమ దళం నేల మీద. చిత్రాలు చదివేవారు పిల్లలు ఉన్నట్టుందని రాశారు. ఆ మాట చేతులు మారేకొద్దీ "కౌమారులు" అయింది, ఆ తర్వాత ఆయుధం పట్టే వయసు మగవాళ్లయింది. ఆయుధాలు కనిపించాయన్న అనుమానం మాత్రం ప్రతి మలుపులో బలపడింది. హెలికాప్టర్లు క్షిపణులు ప్రయోగించాయి. 23 మంది దాకా పౌరులు చనిపోయారని అమెరికా సైన్యం సొంత విచారణే తేల్చింది, డ్రోన్ బృందం నివేదించిన తీరును తప్పుపట్టింది. 2021 ఆగస్టు 29న కాబూల్‌లో అమెరికా సేనలు ఒక తెల్ల కారును దాదాపు ఎనిమిది గంటలు వెంటాడి కొట్టారు. అందులోకి ఎక్కించినవి పేలుడు పదార్థాలని అనుకున్నారు, అవి నీళ్ల డబ్బాలు. పది మంది పౌరులు చనిపోయారు, వారిలో ఏడుగురు పిల్లలు.

రెండుచోట్లా కెమెరా పనిచేసింది. గంటల కొద్దీ చూశారు. కానీ ఎక్కువసేపు చూసినంత మాత్రాన ఎక్కువ పిక్సెళ్లు రావు. రెండు పిక్సెళ్ల మచ్చను ఎనిమిది గంటలు చూస్తే, చివరికి మన మనసులో ఉన్నదే అందులో కనిపించడం మొదలవుతుంది. నేను నీళ్ల ట్యాంకులను లారీలుగా చూసినప్పుడు నా మనసులో ఉన్నది లారీల కోసం వెతకమన్న ఆదేశం. అది విన్యాసం కాబట్టి మర్నాడు నాకు మూడు ప్రశ్నలు వేశారు. అదే యుద్ధంలో అయితే ఆ ట్యాంకుల నీళ్లు తాగే మనుషులు ఆ పక్కనే నిద్రపోతూ ఉండేవారు. అందుకే నా దగ్గర నేర్చుకునేవారి చేత ప్రతి నివేదికలోనూ "చూసినది" ఒక గడిలో, "అనుకుంటున్నది" వేరే గడిలో రాయిస్తాను. రెండూ కలిపి రాసిన కాగితం వెనక్కి పంపేస్తాను.

ఎదుటివారు చేసే పనులూ ఉన్నాయి, క్లుప్తంగా చెబుతాను. బొమ్మలు పెట్టడం పాత విద్యే అయినా ఇంకా పనిచేస్తుంది. 1999లో కొసావోలో సెర్బియా సేన బొమ్మ ట్యాంకులు పెట్టింది, 2022లో ఉక్రెయిన్ చెక్కతో చేసిన రాకెట్ లాంచర్లు పెట్టింది. డ్రోన్లు వాటిని చూశాయి, ఖరీదైన క్షిపణులు వాటి మీద పడ్డాయి. ఎర వేయడానికీ డ్రోన్ పనికొస్తుంది. 1982లో లెబనాన్‌లోని బెకా లోయలో ఇజ్రాయెల్ ఉత్తుత్తి విమానాలను ఎగరేసి సిరియా రాడార్లను మేల్కొలిపింది, చిన్న నిఘా డ్రోన్లతో వాటి చోటు చూసి దెబ్బ తీసింది. 2020లో నాగోర్నో కరబాఖ్ కోసం ఆర్మేనియాతో జరిగిన యుద్ధంలో అజర్‌బైజాన్ పాతకాలపు ఆంటోనోవ్ విమానాలను పైలట్ లేకుండా పంపి ఇదే పని చేసింది. వాటి మీద కాల్పులు జరిపిన క్షిపణి వ్యవస్థలను పైనుంచి చూస్తున్న డ్రోన్లు పట్టుకున్నాయి. ఇక గట్టి గగనతల రక్షణ ఉన్నచోట పెద్ద డ్రోన్ నిలవడం కష్టం. దాదాపు 60,000 అడుగుల ఎత్తున ఎగరగల అమెరికా గ్లోబల్ హాక్ తరగతి డ్రోన్‌ను 2019 జూన్ 20న హోర్ముజ్ జలసంధి దగ్గర ఇరాన్ కూల్చేసింది.

లింకు గురించి ఒక్క మాట. 2009లో ఇరాక్‌లోని తిరుగుబాటుదారులు 26 డాలర్ల సాఫ్ట్‌వేర్‌తో ప్రిడేటర్ల వీడియోను చూస్తున్నారని బయటపడింది. ఆ లింకుకు గుప్తీకరణ లేదు. ఎంత గొప్ప కన్నైనా అది చూసేది శత్రువు కూడా చూస్తుంటే, అతనికి తాను ఎక్కడ కనిపిస్తున్నాడో, ఎక్కడ కనిపించడం లేదో మనమే చెప్పినట్టవుతుంది.

కరపత్రాల్లో ఉండని మరో సంగతి, చూసినదాని చోటు చెప్పడం. తెర మీద గురి గుర్తు ఫిరంగి మీదే ఉంది, బాగుంది. నేల మీద దాని అక్షాంశ రేఖాంశాలు ఎంత? కెమెరా ఏ దిక్కు చూస్తోందన్నదాంట్లో డిగ్రీలో పదో వంతు తప్పున్నా 10 కిలోమీటర్ల దూరంలో 17 మీటర్లు పక్కకు పోతుంది. జనావాసంలో 17 మీటర్లంటే పక్కిల్లు. లేజర్ దూరమాపిని, కెమెరా ఎటు తిరిగి ఉందో చెప్పే గైరోలను, జీపీఎస్‌ను ఒకదానితో ఒకటి సరిచూసే పని అందుకే ప్రతి ఎగురవేతకు ముందు చేస్తారు. విసుగు పుట్టించే పని. ఆ విసుగులో ఒక మెట్టు దాటేసిన రోజున తెర మీద మాత్రం ఏ తేడా కనిపించదు.

ఈ రంగంలోకి రావాలనుందని చివర్లో రాశారు. ఒక అభ్యాసం చెబుతాను. నేను నేర్పే ప్రతి ఒక్కరి చేతా మొదటి వారంలోనే చేయిస్తాను. ఫోనుకు తగిలించుకునే చిన్న థర్మల్ కెమెరా చాలు. మధ్యాహ్నం నుంచి మర్నాటి మధ్యాహ్నం దాకా, ఆగి ఉన్న ఒకే వాహనాన్ని, ఒకే చోటి నుంచి గంటకోసారి చిత్రం తీయండి. పక్కన ఒక నీళ్ల తొట్టి, ఒక చెట్టు, కొంత ఖాళీ నేల ఉండేలా చూసుకోండి. సూర్యోదయం, సూర్యాస్తమయం ప్రాంతాల్లో మాత్రం పది నిమిషాలకోసారి తీయండి. తర్వాత ఆ చిత్రాలను కలగలిపి, ఎప్పుడు తీసినవో తెలియకుండా స్నేహితుడికి ఇచ్చి, వాహనం ఎక్కడుందో గుర్తు పెట్టమనండి. ఏ గంటల్లో ఆయన తొట్టిని వాహనం అన్నారో, ఏ గంటల్లో వాహనాన్ని దాటేశారో రాసుకుని ఇక్కడే పెట్టండి. మీ చిత్రాలు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ కలిసి చదువుదాం.